నదీజలాల రక్షణ – రైతుకు ప్రతిఫలం

ఎంత మేర నేలపై కురిసిన వాన ఒక నదిలోకి చేరుతుందో ఆ నేలంతా ఆ నదికి పరీవాహక ప్రాంతం. పొలాల్లో మిగిలిన ఎరువు, పశువుల పేడ, కోసుకుపోయిన మట్టి ఆ నీటితోపాటే నదిలో కలుస్తాయి. దిగువ నగరం ఆ నీటిని శుద్ధి చేసుకోవాలి. నీరు చెడిపోకముందే ఎగువ రైతుకు డబ్బు చెల్లించి కాపాడుకోవచ్చా? న్యూయార్క్ నగరం అనుభవాన్ని పరిశీలిద్దాం.

ఆ నగరపు నీటిలో దాదాపు 90 శాతం క్యాట్‌స్కిల్ కొండలు, డెలావేర్ నది ఎగువ లోయల నుంచి వస్తుంది. అది పాడి రైతుల ప్రాంతం. ఉపరితల జలాలను వడపోసి తీరాలని 1989లో అమెరికా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. పరీవాహక ప్రాంతాన్ని కట్టుదిట్టంగా కాపాడుకునే నగరాలకు మినహాయింపు ఇచ్చింది. వడపోత కేంద్రానికి 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతాయని అప్పటి అంచనా.

నగరం మొదట ఆంక్షల దారి పట్టింది. 1990లో ప్రతిపాదించిన నియమాలతో తమ సేద్యం సాగదని రైతులు ఎదురు తిరిగారు. నగర జలాశయాల కింద తమ ప్రాంతపు ఊళ్ళు మునిగిన సంగతి వారు మరచిపోలేదు. చర్చల తరువాత కొత్త పద్ధతి కుదిరింది. చేరడం రైతు ఇష్టం, ఖర్చు నగరానిది, ఒక్కో కమతానికి ఒక్కో ప్రణాళిక. అయితే 85 శాతం మంది చేరాలి. ఆ లక్ష్యం నెరవేరింది. 1997లో విస్తృత ఒప్పందం జరిగింది.

పేడ నిల్వకు వసతులు కల్పించారు. పశువులు వాగులో దిగకుండా కంచె వేశారు. లేగదూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు సులభంగా చావదు. అందుకే దూడల కొట్టాలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టారు. వాగు గట్టున చెట్లకు వదిలిన భూమికి కౌలు చెల్లించారు. ఆ చెట్లు మట్టిని, దానితో వచ్చే భాస్వరాన్ని ఆపుతాయి. భాస్వరం పెరిగితే జలాశయంలో నాచు పెరుగుతుంది.

మన దేశంలోనూ చిన్న ఉదాహరణ ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ పట్టణం, తనకు నీరిచ్చే బోహల్ ఊట ఎగువ అడవిని కాపాడే గ్రామస్తులకు ఏటా ప్రతిఫలం చెల్లించేలా 2010లో ఒప్పందం చేసుకుంది.

కాలుష్యానికి కారకులే మూల్యం చెల్లించాలి కదా అని మీరడగవచ్చు. కర్మాగారపు వ్యర్థాలు గొట్టంలో వస్తాయి. కొలిచి జరిమానా వేయవచ్చు. పొలాల నుంచి వచ్చేవి వేల చోట్ల వాననీటితో కలుస్తాయి. ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం. అక్కడ రైతు సహకారమే మార్గం. అయితే ఎగువ పట్టణాల మురుగు నేరుగా నదిలో కలుస్తుంటే, రైతుకు ఎంత చెల్లించినా ఆ నీరు బాగుపడదు. మీ ఊరి నది విషయంలో ముందుగా తేల్చుకోవలసింది ఇదే.