తొలకరిలో వజ్రాల వేట

తొలకరి వాన పడిందంటే చాలు. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు. అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ అంతే. పక్క జిల్లాల వాళ్లు సద్దిమూటలు కట్టుకుని వస్తారు. ఎందుకు? వజ్రాల కోసం!

వజ్రాలు భూమి లోపల, సుమారు 150 కిలోమీటర్లు, అంతకన్నా లోతున పుట్టాయి. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట వజ్రకరూరు ప్రాంతంలో కరిగిన రాయి పైకి తన్నుకొచ్చింది. వజ్రాలనూ మోసుకొచ్చింది. ఆ రాయి అరిగి మట్టయింది. వాన ఆ మట్టిని కడిగితే రాళ్లు మెరుస్తాయి.

మెరిసేవాటిలో చాలావరకు పలుగురాళ్లే. గాజు మీద గీత పడితే వజ్రమే అంటారు కొందరు. నమ్మకండి. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. వజ్రమైతే పలుగురాయిని కూడా గీస్తుంది. సుత్తితో మాత్రం కొట్టి చూడకండి. వజ్రం గట్టిదే, కానీ సుత్తి దెబ్బకు పగులుతుంది. దొరక్క దొరికింది ముక్కలైపోతుంది!

విత్తనం వేసిన చేలో దిగకండి. రైతు కూడా ఆ వాన కోసమే కాచుకున్నాడు కదా!

రాయి దొరికితే దళారి చెప్పిన ధరకు అక్కడికక్కడే తలూపకండి. ముందు తూకం వేయించండి. వజ్రాన్ని క్యారెట్లలో తూస్తారు. 5 క్యారెట్లు ఒక గ్రాము. ఆ తూకం ఎంతో మీరే కాగితం మీద రాసుకోండి.