సిప్పీఘాట్‌లో పైపు దొరకలేదు

పార్లమెంటు విశేషాల కోసం ఈ శీర్షికను తెరచిన పాఠకులు ఈ వారానికి నన్ను మన్నించాలి. రాజధానికి ఎంతో దూరంగా, దక్షిణ అండమాన్‌లోని సిప్పీఘాట్ అనే చిన్న ఊరిలో నాకు ఎదురైన ఒక విషయాన్ని వారి ముందుంచదలచాను. ఇందులో రాజకీయమేమీ లేదనుకునే బయలుదేరాను. తిరిగివచ్చేసరికి ఆ నమ్మకం నాలో మిగలలేదు.

ముందుగా నా బలహీనతను ఒప్పుకోవాలి. విలేఖరి వృత్తిలో విదేశాలకు వెళ్ళినప్పుడు మిత్రులు గడియారాలూ, కెమేరాలూ కొనుక్కునేవారు. నేను పైపులు వెదికేవాడిని. సంయుక్త ప్రకటనలోని ఒక్క మాట కోసం రెండు దేశాల అధికారులు రాత్రంతా వాదించుకుంటూ ఉంటే, నేను ఆ ఊరి సందుల్లో పడి, అక్కడివాళ్ళు ఏ పొగాకు కాలుస్తారు, దేనిలో పెట్టి కాలుస్తారు అని వాకబు చేస్తూ తిరిగేవాడిని. ఖరీదైన దుకాణాల మీద నాకు మోజు లేదు. లండన్ డన్‌హిల్ పైపు ఏ విమానాశ్రయంలోనైనా దొరుకుతుంది. నాకు కావలసింది ఆ నేల తనకున్నదానితో చేసుకున్న పైపు.

ఫ్రాన్సులో జూరా కొండల నడుమనున్న సెయింట్ క్లాడ్ పట్టణం బ్రయర్ అనే పొద వేరుతో పైపులు చేసి ప్రపంచానికి అందించింది. టర్కీలోని ఎస్కిషెహిర్ చుట్టుపక్కల భూమిలోనుంచి మీర్‌షామ్ అనే తెల్లని మెత్తని ఖనిజాన్ని తవ్వి, దానిని చెక్కి పైపులు చేస్తారు. ఆ మాటకు జర్మన్ భాషలో సముద్రపు నురుగని అర్థం. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు వాషింగ్టన్ అనే చిన్న పట్టణం మొక్కజొన్న కండెను తొలిచి పైపు చేసింది. జనరల్ మెకార్థర్ నోట కనిపించే పైపు ఆ జాతిదే. మన దేశానికి పొగాకు పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. అసద్ బేగ్ దానిని బీజాపూరు నుంచి రత్నాలు పొదిగిన గొట్టంతో సహా తెచ్చి 1604 ప్రాంతంలో అక్బరు ముందు పెట్టాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. ఆ నిషేధం ఎంతమాత్రం సాగలేదు. ప్రభుత్వానికీ పొగాకుకూ నడుమ ఉన్న తగవు, చెలిమి, రెండూ అంత పాతవి.

వైద్యుని ఆజ్ఞ మీద పైపు కాల్చడం మానివేసి చాలా సంవత్సరాలయింది. వెదకడం మాత్రం మానలేకపోయాను. ఆ అలవాటే నన్ను సిప్పీఘాట్‌కు తీసుకువెళ్ళింది.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌కు సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉందీ ఊరు. సీపీ అంటే హిందీలో ఆల్చిప్ప, ఘాట్ అంటే రేవు. లవంగం, జాజికాయ, దాల్చిన, మిరియం పెరిగే ప్రభుత్వ క్షేత్రం ఇక్కడ పేరున్నది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి ఈ ప్రాంతపు నేల సుమారు మీటరు మేర కుంగింది. సునామీ వెనక్కుపోయినా ఉప్పునీరు పోలేదు. ఒకప్పుడు వరి పండిన పొలాలలో ఇప్పుడు కొంగలూ, బాతులూ వాలుతున్నాయి. చూడడానికి వచ్చినవారికి అది రమ్యమైన దృశ్యం. పొలం పోగొట్టుకున్నవానికి అది పొలమే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఓడెక్కి కూలిపనికీ, చేపలవేటకూ వచ్చినవారే ఎక్కువ. కనుక రోడ్డుపక్క టీ దుకాణంలో నా హిందీ అరువు మాటలు పూర్తికాకముందే, "తమరు తెలుగోరే కదండీ?" అన్న ప్రశ్న వినిపించినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇక్కడి పైపులేమైనా దొరుకుతాయా అని అడిగాను. దుకాణదారు నవ్వి, పంపుసెట్టు పైపులైతే పోర్ట్ బ్లెయర్ బజారులో దొరుకుతాయన్నాడు.

ఆ మాటకు బల్ల చివర కూర్చున్న ఒక ముసలమ్మ కూడా నవ్వింది. అప్పుడు చూశాను. ఆమె పెదవుల మధ్య చుట్ట ఉంది గాని నిప్పు కనబడలేదు. అడ్డపొగ! కాలుతున్న కొస నోటిలోపల, ఆరినకొస బయట. ఉత్తరాంధ్ర మత్స్యకారుల వాడల్లో తిరిగినవారికి ఇది కొత్త కాదు. నేను చిన్ననాడు చూశాను, మళ్ళీ బంగాళాఖాతం దాటి వచ్చి చూస్తున్నాను.

"పైపెందుకు బాబూ, చుట్టుండగా?" అన్నది.

"నిప్పు లోపల పెట్టుకుంటే నోరు కాలదా అవ్వా?"

"అలవాటైపోనాది బాబూ. సముద్దరం మీద గాలికి ఆరిపోదు. సంకలో పిల్లుంటే నుసి పడదు. మాయమ్మ అలాగే కాల్చింది, నానూ అంతే."

పొగాకు ఎక్కడిదని అడిగాను. విశాఖపట్నం నుంచి వచ్చే ఓడలో ఎవరో ఒకరు కట్ట తెస్తారట. పొగాకు తెలుగునేలది, చుట్టే చెయ్యి తెలుగుతల్లిది, పైపు ఆమె నోరే. నేను వెదుకుతున్న స్థానికమైన సాధనం అదే కావాలి.

కాని అందులో సంతోషించదగినది ఏమీ లేదు. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ వైద్యుడూ, మన వైద్యులూ కలిసి 1971లో ఒక అధ్యయనం ప్రకటించారు. అడ్డపొగ అంగిలిని ఎట్లా పాడుచేస్తుందో వైద్యలోకానికి ఆ ప్రాంతపు స్త్రీల నోళ్ళే చెప్పాయి. డాక్టరు నన్ను మానమన్నాడని అవ్వతో అన్నాను. ఆమె కొంచెంసేపు ఊరుకుని, "మాయమ్మ నోరు పుండయ్యే పోనాది బాబూ" అన్నది. ఆ తరువాత అడిగింది: "మీ ఢిల్లీవోలు పొగాకు పండించమంటారు, కాల్చొద్దంటారు. ఏటి బాబూ ఇది?"

జవాబు చెప్పలేక నేను టీకి డబ్బులిచ్చి లేచాను.

ఆ సాయంత్రం అండమాన్ చరిత్ర తిరగవేస్తుంటే, నేను వెదకివచ్చిన పైపు నిజంగానే ఒకప్పుడు ఉండేదని తెలిసింది. లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు పెద్ద పీత డెక్కను తొలిచి పైపు చేసుకునేవారు. ఏ సముద్రతీరమూ తనకున్నదానితో ఇంతకన్న సహజమైన పైపును చేసి ఉండదు. నా సేకరణకు అంతకు మించిన కిరీటం లేదనిపించింది. మరి నాలుగు పుటలు తిప్పేసరికి ఆ ఉత్సాహం చల్లారింది. ఈ దీవుల ఆదివాసులకు పొగాకు పూర్వాచారం కాదు. 1858లో శిక్షాస్థావరం నెలకొన్న తరువాత దొరలు నేర్పిన అలవాటు. 1863లో రాస్ దీవిలో అండమాన్ గృహం పేరిట ఒక వసతి తెరచి, అడవి మనుషులను మచ్చిక చేసుకోవడానికి వారికిచ్చిన కానుకలలో పొగాకు ఒకటి. బాణంతో ఎదిరించినవాడు పొగాకు కోసం చెయ్యి చాచే స్థితికి వచ్చాడు. ఆ వెనుక సవాయి వచ్చింది, 1877లో పొంగు వచ్చింది. కొన్ని వేలమంది ఉండిన గ్రేట్ అండమానీయులు 1901 నాటికి 625 మంది. 1961 లెక్కల్లో 19 మంది. వారిని చంపింది రోగాలే. ఆ రోగాలున్న గుమ్మందాకా వారిని నడిపించిన కానుకలలో మాత్రం పొగాకు ఉంది. పీత డెక్క పైపును ఆదిమకళగా అద్దాలబీరువాలో చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇది గతించిన కథ అనుకోవడానికి వీలులేదు. జరవాలు బయటి ప్రపంచంపై అనుమానం తగ్గించుకుని అడవి వెలుపలికి రావడం 1997లో మొదలైంది. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నియమావళి ఉంది. 2012లో శిక్షలను కఠినం చేశారు. వారి అడవిగుండా పోయే ట్రంకు రోడ్డు భాగాన్ని మూసివేయవలసిందని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. అయినా ఆ దారిన వాహనాల శ్రేణులు నడుస్తూనే వచ్చాయి. దొంగవేటగాళ్ళ ద్వారానూ, దారినపోయేవారి ద్వారానూ నమిలే పొగాకు వారికి చేరుతున్నదని వార్తలు పదేపదే వచ్చాయి. 2011 లెక్కల్లో జరవాలు 380 మంది. నూటయాభై ఏళ్ళనాడు దొర చేతిలో ఉన్న పొగాకు నేడు మన చేతిలోని పొట్లంగా మారింది. ఇచ్చే చేతి రంగు మాత్రమే వేరు.

ఢిల్లీకి తిరిగివచ్చాక అవ్వ ప్రశ్న నన్ను వదలలేదు. 1976 జనవరిలో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు వాణిజ్యశాఖ కింద ఉంది. వర్జీనియా పంట ఎంత వేయాలో చెప్పేదీ, వేలం నడిపేదీ అదే. పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మలు అచ్చువేయించేది ఆరోగ్యశాఖ. 2016 నుంచి ఆ నిబంధన అమలులో ఉంది. ఉద్యోగభవన్‌లో మొదటి శాఖ, నిర్మాణభవన్‌లో రెండవ శాఖ దశాబ్దాలపాటు కూతవేటు దూరంలో పనిచేశాయి. ఒక భవనంలో ఎగుమతుల లెక్క విని, రోడ్డు నడిచిపోయి రెండవ భవనంలో క్యాన్సరు లెక్క రాసుకున్న రోజులు నాకున్నాయి. అది విడ్డూరమని అప్పట్లో తోచలేదు. రైతును నట్టేట ముంచి పంట మాన్పించమని నేననను. ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులకు ప్రత్యామ్నాయం చూపకుండా నీతులు చెప్పడం సులభం. కాని చుట్ట మానుకోవడానికి ఆ అవ్వకు సహాయం చేసే మనిషి సిప్పీఘాట్ దాకా ఎందుకు రాడు? పొట్లం జరవా చేతికి చేరకుండా ఆపే మనిషి ఆ రోడ్డు మీద ఎందుకు నిలబడడు? ఈ రెండింటికీ కొత్త చట్టమేదీ అక్కరలేదు.

అండమాన్ నికోబార్‌కు లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక స్థానం. ఆంధ్రప్రదేశ్‌కు 25 ఉన్నాయి. సముద్రానికి ఆవల ఉన్న తెలుగువారి గురించి, వారి పక్క అడవిలోని 380 మంది గురించి, ఆ ఇరవైఐదుగురిలో ఒక్కరైనా ఒక ప్రశ్న వేస్తే మంచిది.

బయలుదేరే ముందు అవ్వ ఒక చుట్టను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "కాల్చకు బాబూ, ఉంచుకో" అన్నది. ఉంచుకున్నాను. పీత డెక్క పైపు కోసం ఇక వెదకను.