నగర ప్రజారోగ్య శాఖ: విశాఖపట్నం నేర్పే పాఠం

మాడుగుల పేరు వినగానే ఎవరికైనా హల్వా గుర్తుకు వస్తుంది. కాని ఆ ప్రాంతంనుంచి విశాఖపట్నానికి వెళ్లేది హల్వా ఒక్కటే కాదు. పొరుగున దేవరాపల్లి మండలంలో శారదానదిపై కట్టిన రైవాడ జలాశయం నీరు విశాఖ నగర ప్రజల దాహం తీరుస్తున్నది. కొండ దిగువ పల్లెలనుంచి కూలికీ, చదువుకూ, వైద్యానికీ జనం నిత్యం నగరానికి పోతూ వస్తూ ఉంటారు. నీటితోను, మనుషులతోను వ్యాధులు కూడా ప్రయాణం చేయగలవు. వాటిని దారిలోనే అడ్డగించడం నగర ప్రజారోగ్య శాఖ పని. జబ్బుపడినవారికి చికిత్స చేయడం ఆసుపత్రి ధర్మం. ఆరోగ్యంగా ఉన్నవారు జబ్బు పడకుండా చూడటం ఈ శాఖ ధర్మం.

శాఖ పుట్టుక

విశాఖపట్నంలో పురపాలనకు 1858లో ఒక స్వచ్ఛంద సంఘంతో నాంది జరిగింది. సరిగ్గా ఆ సంవత్సరమే లండనులో థేమ్స్ నది మురుగు కంపు భరించలేక పార్లమెంటు సభ్యులు ముక్కులు మూసుకొన్నారు. రోగాలకు దుర్గంధమే కారణమని ఆనాటి వైద్యులలో చాలామంది నమ్మేవారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని జాన్ స్నో అనే వైద్యుడు 1854లో ఒక వీధిపంపు ఆధారంగా చూపినా, ఆయన మాటను వెంటనే అంగీకరించినవారు కొద్దిమందే. అయినా కంపు పోగొట్టడానికి తవ్విన మురుగుకాలువలే కలరాను కూడా తగ్గించాయి. సిద్ధాంతం తప్పయినా, చేసిన పని మంచిదయింది. రాబర్ట్ కాక్ 1883-84లో కలరా క్రిమిని గుర్తించిన తరువాత, ఏ పని ఎందుకు చేస్తున్నామో స్పష్టంగా తెలిసింది.

మన ప్రాంతంలో ఈ పనికి గట్టి పునాది వేసినది 1939నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. భారతదేశంలో ప్రజారోగ్యానికి సంబంధించిన మొదటి సమగ్ర చట్టం ఇదే. మంచినీరు, మురుగు, అంటువ్యాధులు, దోమలు మొదలైన విషయాలన్నీ ఇందులో ఉన్నాయి. ప్రభుత్వ గ్రాంట్లు కాక పురపాలక సంఘానికి వచ్చే ఆదాయంలో నూటికి 30 వంతులకు తగ్గకుండా ప్రజారోగ్యానికి కేటాయించాలని కూడా ఈ చట్టం విధించింది.

విశాఖ పురపాలక సంఘం 1979లో కార్పొరేషను అయింది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టుపట్ల గ్రామాలను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థగా మారింది. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం కూడా ఇందులో చేరాయి. 2021 ఎన్నికలనాటికి నగరంలో 98 వార్డులున్నాయి.

శాఖ నిర్మాణం

ఇంత పెద్ద నగరాన్ని ఒక అధికారి కనిపెట్టి ఉండటం సాధ్యం కాదు. అందుచేత శాఖను మెట్లు మెట్లుగా ఏర్పాటు చేశారు. కమీషనరు కింద ముఖ్య ఆరోగ్యాధికారి ఉంటారు. ఈయన వైద్యశాస్త్రం చదివినవారు. నగరాన్ని మండలాలుగా విభజించి ఒక్కొక్క భాగానికి సహాయ ఆరోగ్యాధికారిని నియమిస్తారు. వారి కింద శానిటరీ సూపర్వైజర్లు, ఇన్‌స్పెక్టర్లు, మేస్త్రీలు, చివరకు తెల్లవారకముందే చీపురు పట్టి వీధిలోకి వచ్చే పారిశుద్ధ్య కార్మికులు ఉంటారు. దోమల నివారణకు వేరే విభాగం ఉన్నది. దానిలో కీటకాలను గురించి తెలిసిన జీవశాస్త్రజ్ఞుడు ఉంటాడు.

ఈ వరుసలో చివరివాడు పని మానితే పైవారి చదువంతా నిరర్థకమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చింది. విద్యుత్తు లేదు, నీటి పంపులు నడవలేదు, కూలిన చెట్లతో వీధులు నిండిపోయాయి. ఇతర పట్టణాలనుంచి కూడా కార్మికులను రప్పించి వీధులు శుభ్రం చేయవలసి వచ్చింది.

జననమరణాల నమోదు కూడా పౌర ఆరోగ్య వ్యవస్థకు ముఖ్యమైన సాధనం. ఇది కేవలం ధ్రువపత్రాలకోసం ఏర్పడిన పని కాదు. ఏ పేటలో, ఏ నెలలో, ఏ కారణంచేత మరణాలు పెరిగాయో ఆ పట్టీలు చెబుతాయి. వైద్యుడికి రోగి నాడి ఎట్లాగో, ఆరోగ్యాధికారికి ఈ పట్టీలు అట్లాగు.

నీటిపై నిఘా

కుళాయి గొట్టాలు వేయడం, నీరు వదలడం ఇంజనీర్ల పని. ఆ నీరు తాగదగినదా కాదా అని చూడటం ఆరోగ్య సిబ్బంది పని. శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కలిపితే క్రిములు చస్తాయి. కాని కథ అక్కడితో ముగియదు. నీటిని రోజులో కొద్దిసేపే వదిలే ఊళ్లలో, మిగిలిన వేళల్లో గొట్టాలలో ఒత్తిడి తగ్గిపోతుంది. గొట్టానికి ఎక్కడైనా చిల్లు ఉండి, పక్కనే మురుగుకాలువ పారుతూ ఉంటే, మురుగు లోపలికి చొరబడుతుంది. అందుకే ఇంటి కుళాయివద్ద కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. పరీక్షాద్రావణం చుక్కలు వేసి, వచ్చిన రంగునుబట్టి దీనిని ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. రంగు రాలేదంటే ఆ వీధి గొట్టాన్ని వెంటనే పరిశీలించాలి.

కొండలనుంచి నగరానికి

మలేరియా మరొక ఉదాహరణ. తూర్పు కనుమల సెలయేళ్ల తేట నీటిలో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ పెరుగుతుంది. నగరంలో అనాఫిలిస్ స్టీఫెన్సీ అనే దోమ మేడలపై మూతలేని నీటితొట్లలో పెరుగుతుంది. కొండ ప్రాంతంలో ఫ్లూవియాటిలిస్ కుట్టిన మనిషి, రక్తంలో మలేరియా పరాన్నజీవితో నగరానికి వచ్చాడనుకోండి. అక్కడ స్టీఫెన్సీ అతనిని కుట్టి, పది పన్నెండు రోజుల తరువాత ఆ జీవిని మరొకరికి అంటించగలదు. నగరం తన తొట్లకు మూతలు వేసినా, మన్యంలో జ్వరం ఆగనిదే నగరానికి పూర్తి రక్షణ లేదు.

మన వాతావరణంలో దోమ గుడ్డు రెక్కల దోమగా మారటానికి ఇంచుమించు ఏడునుంచి పది రోజులు పడుతుంది. కనుక వారానికి ఒకసారి తొట్లను, కుండలను ఖాళీచేసి తుడిచి ఆరబెడితే, ఏ గుడ్డూ దోమ కాలేదు. శుక్రవారాన్ని పొడి దినంగా పాటించమని చెప్పడంలోని గణితం ఇదే.

పొలిమేర దాటిన బాధ్యత

నగరపాలక సంస్థ అధికారం దాని పొలిమేరవద్ద ఆగిపోతుంది. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని మాడుగుల వంటి ఊళ్లలో చెత్త, మురుగు పంచాయతీల బాధ్యత. టీకాలు, జ్వర పరీక్షలు రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రాథమిక కేంద్రాల బాధ్యత. మనుషులూ, దోమలూ, నదులూ ఈ విభజనను పాటించవు. రైవాడ నీరు తమ పొలాలకే దక్కాలని ఆయకట్టు రైతులు చాలాకాలంగా కోరుతున్నారు. నీరిచ్చే పల్లెకు శుభ్రమైన తాగునీరు, మంచి ఆసుపత్రి లేకపోతే అది న్యాయం కాదు. నగరానికి క్షేమమూ కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని పుస్తకంలోనే చెప్పి ఊరుకోనక్కరలేదు. విద్యార్థులచేత పాఠశాల కుళాయి నీటిలో క్లోరిన్ పరీక్ష చేయించవచ్చు. ఆవరణలోని తొట్లలో దోమపిల్లలున్నవేమో ప్రతి శుక్రవారం వెతికించి, ఫలితాలు ఒక పట్టీలో రాయించవచ్చు. నాలుగు వారాల పట్టీ చూస్తే ప్రజారోగ్య శాఖ చేసే పని ఏమిటో వారికే బోధపడుతుంది.