లెట్యూస్ సాగు: పొలం కన్నా ముందు కోల్డ్ స్టోరేజీ
ఎడారి అనుభవం ఓర్వకల్లు మెట్టకు ఎంతవరకు వర్తిస్తుంది?

ఓర్వకల్లు: పెద్ద హోటళ్లలోను, బర్గర్ దుకాణాలలోను వాడే లెట్యూస్ ఆకుకు నగరాలలో ఏడాది పొడవునా గిరాకీ ఉన్నది. ఎడారిలో సైతం ఈ పంట పండుతున్నదన్న మాట విని, రాయలసీమ మెట్ట భూములలో దీనిపై పెట్టుబడి పెట్టదలచే వర్తకులు ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఎడారిలో లెట్యూస్ పండుతున్న మాట నిజమే. అయితే అక్కడ దానిని నిలబెట్టినది ఎడారి నేల కాదు. నది నీరు, చలికాలపు రాత్రులు, కోసిన వెంటనే చల్లబరిచే యంత్రాలు.

యుమా అనుభవం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో యుమా ప్రాంతపు సాలుసరి వర్షపాతం 100 మిల్లీమీటర్ల లోపే. అయినా నవంబరు నుంచి మార్చి వరకు అమెరికాలో వినియోగమయ్యే ఆకుకూరలలో సుమారు 90 శాతం అక్కడి నుంచే వస్తున్నవని అంచనా. కొలరాడో నదిపై 1909లో పూర్తయిన లగునా ఆనకట్ట, 1912లో నది అడుగున నిర్మించిన సైఫన్ కాలువ అక్కడి సేద్యానికి పునాది వేసినవి. ఎండలు ముదరగానే వ్యాపారం కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయకు తరలిపోతుంది. శుద్ధి చేసే యంత్రాలను సైతం ఊడదీసి తీసుకుపోతారు. ఎడారిలో ఇది చలికాలపు సరుకు మాత్రమే.

కర్నూలు ప్రాంతపు వర్షపాతం యుమా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తేడా అంతా వేడిలో ఉన్నది. డిసెంబరులో యుమాలో పగటి ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు, రాత్రి 8 డిగ్రీలు. కర్నూలులో అదే నెలలో పగలు సుమారు 30, రాత్రి 17 డిగ్రీలు. లెట్యూస్‌కు 15 నుంచి 20 డిగ్రీలు అనుకూలం. వేడి మించితే మొక్క గొడుగు కాడ వేసి పూతకు వస్తుంది, ఆకు చేదెక్కుతుంది. నేల 30 డిగ్రీలు దాటితే చాలా రకాలలో గింజ మొలవదు. అందుకే యుమా రైతులు సెప్టెంబరులో విత్తి, తుంపర నీటితో మడిని చల్లబరుస్తారు.

ఓర్వకల్లు మండలంలోని శకునాల ప్రాంతం, గనితో కలిసి, 2017లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కుకు స్థానమైనది. పలకలకు మేలు చేసే ఎండ ఈ ఆకుకు చేటు. కాబట్టి ఇక్కడ గట్టిగా గడ్డ కట్టే ఐస్‌బర్గ్ రకంపై ఆశ పెట్టుకోరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, షేడ్‌నెట్ కింద, డ్రిప్ నీటితో విడి ఆకు రకాలను వేయడమే సబబు. నారు నాటిన 30 నుంచి 45 రోజులలో అవి కోతకు వస్తాయి.

తరుగు లెక్క

కర్నూలు వర్తకులకు అలవాటైన ఉల్లితో దీనికి పోలిక లేదు. ఉల్లి గాలి తగిలేచోట వారాల తరబడి ఆగుతుంది. అలా ఆగే సరుకే 2025లో ధర పడిపోగా, ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయల చొప్పున కొనవలసి వచ్చింది. లెట్యూస్‌కు అటువంటి ఆసరా లేదు. నూటికి 95 పాళ్లు నీరే అయిన ఈ ఆకు ఎండలో ఒక్క పూటకే వాడిపోతుంది. సున్నా డిగ్రీల వద్ద, నిండు తేమలో ఉంచితే మాత్రం రెండు మూడు వారాలు నిలుస్తుంది.

లెక్కకు ఒక ఉదాహరణ: 1,000 కిలోల ఆకు కిలో 30 రూపాయల చొప్పున కొని, 5,000 రూపాయల బాడుగతో చల్లబరచకుండా హైదరాబాద్ పంపినారనుకుందాం. అందులో 300 కిలోలు వాడి పారవేయవలసి వస్తే మిగిలిన సరుకు కిలో 50 రూపాయలు పడుతుంది. అదే 3,000 రూపాయలు చల్లబరచడానికి ఖర్చు చేసి నష్టాన్ని 100 కిలోలకు తగ్గించగలిగితే పడిన ధర సుమారు 42 రూపాయలు. అదనపు ఖర్చే ఇక్కడ ఆదా అవుతున్నది.

అమెరికాలో మొదట చెక్క పెట్టెలలో దంచిన మంచు వేసి రైళ్లలో పంపేవారు. 1940ల చివరి నుంచి వాక్యూమ్ కూలింగ్ వచ్చింది. మూసిన గదిలో గాలి తీసివేస్తే ఆకులోని కొంత నీరు ఆవిరై, అరగంటలో సరుకు చల్లబడుతుంది. ప్రతి 6 డిగ్రీలకు సుమారు 1 శాతం బరువు తగ్గుతుంది. తూకం చల్లబరచక ముందా, తర్వాతా అన్నది అందుకే బేరంలో తేల్చుకోవలసిన మాట.

ఎండు మిరపకు వాడే కోల్డ్ స్టోరేజీలు దీనికి పనికిరావు. అక్కడ తేమ తక్కువ. టమాటా, మాగిన మామిడి, అరటి వెంట ఒకే లారీలో వేయరాదు. ఆ పండ్లు వదిలే ఇథిలీన్ వాయువు సోకి ఆకు ఈనెలపై గోధుమ మచ్చలు పడతాయి.

కొనేవారెవరు?

కర్నూలు నుంచి హైదరాబాద్ సుమారు 215 కిలోమీటర్లు, బెంగళూరు 360 కిలోమీటర్లు. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైనప్పటికీ, ఈ ఆకుకు విమాన బాడుగ గిట్టుబాటు కాదు; రోడ్డు మార్గమే దిక్కు. బెంగళూరుకు దగ్గరలోనే చల్లని తోటలున్నవి కనుక హైదరాబాద్‌నే మార్కెట్‌గా ఎంచుకోవాలి. అక్కడ సైతం నగరం చుట్టూ ఉన్న పాలీహౌస్‌ల నుంచి పోటీ తప్పదు.

నీటి శుభ్రత మరొక అంశం. 2018లో యుమా ప్రాంతపు రోమైన్ రకం లెట్యూస్ తిని 210 మంది జబ్బుపడగా, ఐదుగురు మరణించారు. అదే రోగక్రిమి అక్కడి సేద్యపు కాలువ నీటిలో బయటపడింది. కొన్ని వారాలు దుకాణదారులు ఆ సరుకును ముట్టలేదు. పచ్చిగా తినే ఆకు కనుక బోరు నీటి పరీక్ష పత్రం లేనిదే పెద్ద కొనుగోలుదారు బేరానికి రాడు.

ఈ పరిస్థితులలో వర్తకులు పాటించవలసిన వరుస ఇది: మొదట కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం, తర్వాత పొలం దగ్గర చల్లని గది, ఆపైన రైతుకు అడ్వాన్సు. వారానికెన్ని కిలోలు, తూకం ఎక్కడ, దారిలో తరుగు ఎవరిది అన్నవి ముందే రాసుకోవాలి. మొదటి ఏడు ఒకటి రెండు ఎకరాలు మించరాదు. ఈ వరుస తలకిందులైతే, మార్కెట్ యార్డులో వేలం లేని ఈ ఆకుకు సాయంత్రానికి పశువుల కొట్టమే గతి. ఆ నష్టం వర్తకుని కన్నా ముందు, బోరు కింద అప్పు చేసిన రైతుకు తగులుతుంది.