పాత ఔట్‌బోర్డ్ మోటారులో నిప్పురవ్వ వేళ

పడవ వెనుక అంచుకు బిగించి, కింది భాగంలోని ప్రొపెల్లరును నీటిలోకి దించి నడిపే యంత్రాన్ని ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. నార్వే నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో ఇటువంటి మోటార్లను అమ్మడం మొదలుపెట్టిన తరువాత అక్కడి సరస్సుల మీద వీటి వాడకం విస్తరించింది. 1950లలో, 60లలో జాన్సన్, ఎవిన్‌రూడ్ పేర్లతో ఒకే సంస్థ తయారుచేసిన రెండు సిలిండర్ల చిన్న మోటార్లలో కొన్ని ఈనాటికీ పనిచేస్తున్నాయి. బ్యాటరీ గాని, ఎలక్ట్రానిక్ పరికరాలు గాని లేని ఈ యంత్రాలు సరిగా నడవాలంటే సిలిండరులో నిప్పురవ్వ పుట్టే క్షణం, అంటే ఇగ్నిషన్ టైమింగు, ఖచ్చితంగా కుదరాలి.

పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కుతుంది. ఆ మిశ్రమం ఒక్కసారిగా పేలదు. మంట ప్లగ్గు దగ్గర మొదలై సిలిండరంతా వ్యాపించడానికి కొంత వ్యవధి పడుతుంది కనుక, పిస్టన్ తన శిఖర స్థానానికి చేరకముందే రవ్వ పుట్టాలి. ఈ ముందస్తును క్రాంక్ షాఫ్టు తిరిగే కోణంలో, డిగ్రీలలో కొలుస్తారు. నిమిషానికి 5000 చుట్లు తిరిగే మోటారులో 30 డిగ్రీలు తిరగడానికి సెకనులో వెయ్యో వంతు మాత్రమే పడుతుంది. 1000 చుట్ల వేగంలో అదే కోణానికి ఐదు రెట్లు వ్యవధి దొరుకుతుంది. అందుకే వేగం పెరిగే కొద్దీ రవ్వ మరింత ముందుగా రావాలి. అది మరీ ముందైతే పైకి వస్తున్న పిస్టన్‌ను పీడనం ఎదురునెట్టి, నాకింగ్ అనే విస్ఫోటక దహనం పుట్టి, పిస్టన్ తల కరిగి చిల్లుపడే ప్రమాదం ఉంది. స్టార్టు చేసేటప్పుడైతే లాగే తాడు చేతిని వెనక్కి లాగుతుంది. రవ్వ ఆలస్యమైతే మంట శక్తిలో కొంత పనిచేయకుండానే పొగ దారిన పోయి, మోటారు నీరసిస్తుంది.

ఈ మోటార్లలో విద్యుత్తును పుట్టించేది మాగ్నెటో. ఫ్లైవీలు అనే బరువైన చక్రంలోని అయస్కాంతాలు కాయిలు అనే తీగచుట్ట పక్కగా తిరిగినప్పుడు అందులో విద్యుత్ ప్రవాహం పుడుతుంది; క్రాంక్ షాఫ్టు మీది క్యామ్, అంటే ఉబ్బెత్తు అంచుగల భాగం, కాంటాక్ట్ పాయింట్లనే రెండు లోహపు మొనలను విడదీయగానే ఆ ప్రవాహం తెగి, అధిక వోల్టేజి పుట్టి, ప్లగ్గులో రవ్వ రాలుతుంది. కాబట్టి పాయింట్లు విడే క్షణమే రవ్వ పుట్టే క్షణం. ఈ పాయింట్లను అమర్చిన పళ్లెం వేగాన్ని మార్చే లివరుతో కదులుతుంది. క్రాంక్ తిరిగే దిశకు ఎదురుగా జరిగినప్పుడు పాయింట్లు ముందే విడతాయి, అదే కదలికతో కార్బురేటరు కూడా తెరుచుకుంటుంది. ఒక్క లివరుతో ఇంధనాన్నీ, రవ్వ వేళనూ కలిపి నడిపించిన ఈ అమరిక ఆనాటి యంత్ర నిర్మాణ ప్రతిభకు నిజంగా గొప్ప నిదర్శనం.

టైమింగు పెట్టే పని పాయింట్ల మధ్య సందుతోనే మొదలుకావాలి. మోటారు సరిగా నడవకపోతే ముందుగా కార్బురేటరు మరలు తిప్పే అలవాటు చాలామందికి ఉన్నా, అది మూలాన్ని వదిలేసి కొసను పట్టుకోవడమే. ప్లగ్గులు విప్పి, వాటి తీగలను మోటారు లోహానికి తగిలించి ఉంచిన తరువాత, ఫ్లైవీలును సుత్తి దెబ్బలతో కాక పుల్లరుతో ఊడదీయాలి. ఫ్లైవీలును షాఫ్టుతో కలిపే చిన్న లోహపు కీ కొంచెం తెగినా అయస్కాంతాల స్థానం మారి జ్వలనమంతా గతి తప్పుతుంది కనుక దానిని తప్పక పరీక్షించాలి. క్యామ్ ఎత్తైన చోట పాయింట్లు పూర్తిగా విడినప్పుడు వాటి మధ్య సందు ఈ శ్రేణి మోటార్లలో సాధారణంగా అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు. సందు పెరిగితే పాయింట్లు ముందే విడతాయి, తగ్గితే ఆలస్యంగా విడతాయి; అందువల్ల ఫీలర్ గేజి అనే పలుచని కొలత రేకుతో సందు కొలవడమంటే టైమింగును కొలవడమే. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క జత పాయింట్లు ఉంటాయి గనుక రెండు సందులూ సమానంగా లేకపోతే రెండు సిలిండర్లలో రవ్వలు సరిగ్గా అర చుట్టు ఎడంగా రావు.

ఇంకా ఖచ్చితత్వం కావాలంటే పాయింట్లు విడే క్షణాన్ని పట్టుకోవడానికి ఓమ్ మీటరు వాడాలి. పాయింట్లకు కలిసి ఉన్న కాయిలు, కండెన్సరు తీగలను విడదీయకుండా కొలిస్తే పాయింట్లు విడినా కాయిలు గుండా ప్రవాహం సాగి మీటరు తప్పు చూపుతుంది. తీగలు విప్పి, క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ, తయారీదారు చెక్కిన గుర్తులు కలిసే చోటనే మీటరు ముల్లు మారుతున్నదా అని చూడాలి. గుర్తులు లేని మోటార్లలో ప్లగ్గు రంధ్రం గుండా డయల్ గేజి దించి పిస్టన్ స్థానాన్ని కొలుస్తారు. ఒక మోటారుకు చెప్పిన అంకెను మరొక మోటారుకు వాడరాదు. ఆయా నమూనాల మాన్యువలే ప్రమాణం.

చివరగా, పళ్లెం అంచున ఉన్న గుర్తు కార్బురేటరు రోలరును తాకే చోటనే ఇంధన ద్వారం కదలడం మొదలయ్యేలా సరిచేయాలి. పరీక్ష మాత్రం నీటిలోనే జరగాలి. పొడిగా నడిపితే చల్లబరిచే పంపులోని రబ్బరు రెక్కలు పాడవుతాయి. ఇంత చేసినా సందు చుట్టు చుట్టుకూ మారుతుంటే లోపం పాయింట్లలో కాక, పైభాగపు బేరింగు అరిగి ఊగుతున్న షాఫ్టులో ఉండవచ్చు. అదే కారణమైతే ముందు బేరింగును మార్చి, ఆ తరువాతే టైమింగును మళ్లీ పెట్టాలి.