ఉత్తర్వులో ఒక్క మాట

క్రమశిక్షణ చర్యలో ఉద్యోగం పోతే పింఛను కూడా పోతుందా? జవాబు తప్పు తీవ్రతను బట్టి కాదు, చివరి ఉత్తర్వులో రాసిన మాటను బట్టి, ఆ ఉద్యోగికి వర్తించే పింఛను నిబంధనలను బట్టి మారుతుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలోనే ఈ తేడాలన్నీ చూడవచ్చు. లైట్‌హౌస్, వాతావరణ కేంద్రం కేంద్ర ప్రభుత్వానివి. మెరైన్ పోలీస్ స్టేషన్ రాష్ట్రానిది. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సు ఆర్టీసీది. ఒకే తప్పుకు ఈ మూడు చోట్లా పింఛను గతి ఒకేలా ఉండదు.

రాష్ట్ర ఉద్యోగులకు 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనల్లో కొలువు పోగొట్టే శిక్షలు మూడు: నిర్బంధ పదవీ విరమణ, రిమూవల్, డిస్మిసల్. నిర్బంధ విరమణలో పింఛను నిలుస్తుంది, కాకపోతే మూడింట రెండు వంతులకు తగ్గకుండా కోత పెట్టే వీలుంది. రిమూవల్‌ కాస్త మెత్తనిదని చాలామంది అనుకుంటారు. మళ్లీ సర్కారు కొలువులో చేరే అర్హత వరకే ఆ మెత్తదనం. పింఛను లెక్కలో రిమూవల్, డిస్మిసల్ రెండూ ఒకటే. 1980 నాటి సవరించిన పింఛను నిబంధనల ప్రకారం చేసిన సర్వీసు, దానితోపాటు పింఛను, గ్రాట్యుటీ పోతాయి. సాధారణ భవిష్య నిధి జీపీఎఫ్‌లో దాచుకున్న సొమ్ము మాత్రం ఉద్యోగిదే.

అలాంటివారికి మిగిలే ఒకే దారి కారుణ్య భత్యం. ప్రత్యేకంగా పరిశీలించదగిన కేసు అనిపిస్తే, రావలసిన పింఛనులో మూడింట రెండు వంతులు మించకుండా మంజూరు చేయవచ్చు. ఇది హక్కు కాదు, అధికారి విచక్షణ. ఆ విచక్షణకు సుప్రీంకోర్టు 2014లో మహీందర్ దత్ శర్మ కేసులో గీత గీసింది. విధులకు రాకుండా గైర్హాజరైనందుకు కొలువు పోయిన ఢిల్లీ కానిస్టేబుల్ ఆయన. తప్పు పెద్దది కాబట్టే ఉద్యోగం పోయింది, మళ్లీ అదే కారణం చూపి భత్యం కాదనడం కుదరదని కోర్టు భావించింది. చూడవలసింది తప్పు స్వభావం: నైతిక పతనమా, సంస్థను మోసగించడమా, సొంత లాభం కోసం చేసిందా, ఇతరులకు కావాలని హాని తలపెట్టిందా? లంచం పట్టుబడ్డ గుమస్తాకూ, జబ్బుపడి సెలవు చీటీ పంపని కానిస్టేబుల్‌కూ తేడా తేలేది ఇక్కడే. దరఖాస్తులో జాలి కథ కంటే ఈ ప్రశ్నలకు జవాబే ముఖ్యం.

విరమణ పొందాక పింఛనులో కోత పెట్టాలన్నా నిబంధన చూపించాల్సిందే. పింఛను ఆస్తి కిందికే వస్తుందనీ, చట్టబద్ధమైన నిబంధన లేకుండా దాన్ని ఆపలేరనీ సుప్రీంకోర్టు 2013లో జార్ఖండ్ కేసులో చెప్పింది. విరమణ తర్వాత కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టాలంటే, దానికి కారణమైన సంఘటన నాలుగేళ్లకు మించి పాతది కాకూడదు.

ప్రభుత్వ రంగ సంస్థల్లో కథ వేరు. అక్కడ చాలామందికి వచ్చేది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) పింఛను. పదేళ్లు చందా పడి, వయసు నిండితే చాలు, ఉద్యోగం ఎలా పోయిందని ఆ పథకం అడగదు. గ్రాట్యుటీకి మాత్రం ముప్పు ఉంది. నైతిక పతనం కిందికి వచ్చే నేరానికి దాన్ని జప్తు చేయడానికి చట్టంలో వీలుంది. అందుకు క్రిమినల్ కోర్టు శిక్ష వేసి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది.

టెలికాం శాఖ నుంచి బీఎస్ఎన్ఎల్‌లో విలీనమైనవారికి ఆ ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. అప్పటిదాకా సంస్థ డిస్మిస్ చేసినా, పూర్వం ప్రభుత్వంలో చేసిన సర్వీసు పింఛనుకు ఢోకా ఉండేది కాదు. 2025 మేలో పింఛను నిబంధనలకు చేసిన సవరణతో అదీ పోతుంది. కాకపోతే సంస్థ నిర్ణయాన్ని సంబంధిత మంత్రిత్వ శాఖ సమీక్షించాలి.

2004 నుంచి చేరినవారి సంగతి మరొకటి. కేంద్రంలో ఆ ఏడాది జనవరి 1 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో సెప్టెంబరు 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో పోగయ్యేది ఉద్యోగి పేరిట ఉన్న ఖాతాలో. డిస్మిస్ అయినా ఆ నిధి నిబంధనల మేరకు ఆయనకే దక్కుతుంది. కేంద్రం 2025 ఏప్రిల్‌లో తెచ్చిన ఏకీకృత పింఛను పథకంలో మాత్రం డిస్మిసల్, రిమూవల్, రాజీనామా మూడింటికీ హామీ పింఛను వర్తించదు.