పరోక్ష కథనము: ఇంగ్లీషు పద్ధతియు, తెలుగు ‘అని’యు

ఒకడు పలికిన మాటను వేఱొకనికి అందజేయుటకు భాషలలో రెండు మార్గములు కలవు. పలికిన మాటను పలికినట్లే నిలిపి చెప్పుట ప్రత్యక్ష కథనము. ఆ మాటలోని అర్థమును గ్రహించి, చెప్పువాడు తన స్థానమునుండి మరల చెప్పుట పరోక్ష కథనము. ఇంగ్లీషు వ్యాకరణములలో ఈ రెండవ మార్గమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. రెన్, మార్టిన్ గార్ల వ్యాకరణము చదివిన విద్యార్థులకు అది చిరపరిచితము. అయినను అందలి సూత్రములను కంఠస్థము చేసినవారు సైతము వ్రాతలో తడబడుచుందురు. దీనికి అశ్రద్ధ యొక్కటియే కారణము కాదు. మాతృభాషలో వాక్యనిర్మాణము వేఱొక త్రోవ త్రొక్కుటయే ముఖ్యకారణము.

ఈ భేదమును పరిశీలించుటకు బిలాసపూరు వంటి రైల్వే పట్టణము తగిన స్థలము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు బిలాసపూరును, మఱియొకవైపు వాల్తేరు ప్రాంతమును తన మార్గములతో కలిపినది. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢమునకును రాకపోకలు మఱింత సులభమయ్యెను. రైల్వే ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు అక్కడ స్థిరపడినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాసపూరు ప్రధాన కేంద్రమైనది. అట్టి కుటుంబములలో ఇంట తెలుగు, సదర్ బజారులో బేరమునకు హిందీ లేక ఛత్తీస్‌గఢీ, కార్యాలయపు కాగితములలో ఇంగ్లీషు వాడుక. ఒకే మాట మూడు భాషలలో మూడు విధముల చేతులు మారును.

సదర్ బజారులో ఒక వర్తకుడు “నేను రేపు వస్తాను” అని పలికెననుకొందము. హిందీలో దీనిని “ఉస్‌నే కహా కి మై కల్ ఆవూఁగా” అందురు. ‘కి’ అను పదమునకు పిదప వర్తకుని మాట చెక్కుచెదరక నిలిచినది. ఇంగ్లీషులో “హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ది నెక్స్ట్ డే” అందురు. ఇందు ‘ఐ’ అనునది ‘హీ’ అయినది. ‘విల్’ అనునది ‘వుడ్’ అయినది. ‘టుమారో’ అనునది ‘ది నెక్స్ట్ డే’ అయినది. పురుషము, కాలము, సమయవాచకము మూడును చెప్పువాని దృష్టికి లోబడినవి. ఈ కాలపు జరుగుబాటునకు ‘బ్యాక్ షిఫ్టింగ్’ అను పేరును డెన్మార్కు భాషాశాస్త్రజ్ఞుడు ఆటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున వాడెను.

తెలుగువారు “తాను రేపు వస్తానని చెప్పాడు” అందురు. ఈ వాక్యము విచిత్రమైనది. కర్త ‘తాను’ ప్రథమపురుషము; క్రియ ‘వస్తాను’ ఉత్తమపురుషము. కర్త చెప్పువాని దృష్టిననుసరించి మారినది. క్రియ మాత్రము వర్తకుని నోటిలోనిదే. కాలము మారలేదు, ‘రేపు’ మారలేదు. కావున ఇది పూర్తిగా ప్రత్యక్షమును కాదు, ఇంగ్లీషు రీతి పరోక్షమును కాదు. రెంటికిని నడిమి మార్గము. దీనికంతకును ఆధారము ‘అని’ అను చిన్న పదము. ‘అను’ ధాతువు క్త్వార్థకరూపమే యిది. సంస్కృతమున ‘ఇతి’, తమిళమున ‘ఎన్ఱు’, మరాఠీలో ‘మ్హణూన్’, ఒడియాలో ‘బోలి’, దక్కనీ ఉర్దూలో ‘బోల్‌కే’ ఇట్టి పనినే చేయుచున్నవి. భిన్నకుటుంబములకు చెందిన భారతీయ భాషలు ఇట్లు ఒకదానినొకటి పోలుటను 1956లో ఎం. బి. ఎమెనో ‘భాషాక్షేత్రము’ అను భావనతో వివరించెను.

‘అని’ అను పదమునకు ముందు వాక్యము మార్పు నెఱుగదు గనుక తెలుగువాడు ఇంగ్లీషులోను ఆ వాక్యమును మార్పక విడుచును. “ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు” అను వాక్యమును “హీ ఆస్క్‌డ్ మీ దట్ వేర్ ఆర్ యూ గోయింగ్” అని వ్రాయుట ఇట్టిదే. ఇందు ‘అని’కి బదులుగా ‘దట్’ వచ్చినది. ప్రశ్నలోని పదక్రమము అట్లే నిలిచినది. ఇంగ్లీషు సంప్రదాయమున ప్రశ్నపదమున్నచో ‘దట్’ రాదు. క్రియ కర్తకు వెనుకకు పోవలెను. “హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వాజ్ గోయింగ్” అనునది సరియైన రూపము. అవును, కాదు అను సమాధానము కోరు ప్రశ్నకు ‘ఇఫ్’ లేక ‘వెదర్’ చేరును. ఆజ్ఞ ‘టు’తో కూడిన క్రియారూపమగును.

అయితే ఈ మార్పులు యాంత్రికములు కావు. ‘హియర్’ వచ్చిన ‘దేర్’ అనియు, ‘టుమారో’ వచ్చిన ‘ది నెక్స్ట్ డే’ అనియు పట్టికలు వల్లించువారు పొరబడుదురు. వర్తకుడు సోమవారము తన దుకాణమున “రేపు ఇక్కడికి వస్తాను” అనెననుకొందము. ఆ మాటను ఆనాడే ఆ దుకాణముననే మఱియొకనికి చెప్పునపుడు ‘హియర్’, ‘టుమారో’ మార్పనక్కఱలేదు. మంగళవారమున రైల్వే కాలనీలో చెప్పునపుడు ‘దేర్’, ‘టుడే’ అనవలెను. ‘కమ్’ కూడ ‘గో’ అగును. వారము గడచిన పిదపనే ‘ది నెక్స్ట్ డే’ అనుటకు తావు కలుగును. అట్లే భూమి గుండ్రముగా నున్నదను నిత్యసత్యమును చెప్పునపుడు వర్తమానకాలము నిలువవచ్చును. చెప్పువాడు ఎక్కడ, ఎప్పుడు నిలిచి చెప్పుచున్నాడను విషయమే ఈ మార్పులన్నిటికి మూలము.

ఇది బడిపిల్లల మార్కులతో ముగియు విషయము కాదు. ఒక విచారణలో ఉద్యోగి “నేను జెండా చూపానని అతడు చెప్పాడు” అని వాఙ్మూలమిచ్చెననుకొందము. ఇందలి ‘నేను’ ఎవరు? జెండా చూపినవాడు ‘అతడు’ కావచ్చును, వాఙ్మూలమిచ్చువాడును కావచ్చును. తెలుగున రెండర్థములును పొసగును. దీనిని వ్రాయసగాడు “హీ సెడ్ దట్ ఐ హాడ్ షోన్ ది ఫ్లాగ్” అని మార్చినచో బాధ్యత యంతయు వాఙ్మూలమిచ్చినవాని మీద పడును. ఒక సర్వనామముచే ఒకని ఉద్యోగమే చిక్కులో పడవచ్చును. తెలుగున “తాను చూపానని” అన్నచో సందేహము తొలగును. ఇంగ్లీషునకును ఈ దోషము లేకపోలేదు: “హీ సెడ్ దట్ హీ హాడ్ షోన్ ది ఫ్లాగ్” అన్నచో రెండవ ‘హీ’ మూడవవాడెవడైన కావచ్చును. ‘తాను’, ‘అతడు’ అను భేదము తెలుగున కలదు, ఇంగ్లీషున లేదు.

2000 నవంబరు 1న హైకోర్టు నెలకొన్న బిలాసపూరులో న్యాయస్థానముల భాషను గూర్చియు ఈ విచారము వర్తించును. సెషన్సు న్యాయస్థానములలో సాక్ష్యమును సాధారణముగా కథనరూపమున వ్రాసికొనవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 276వ సెక్షను విధించెను. అవసరమని తోచినపుడు ప్రశ్నోత్తర రూపమున వ్రాయుటకు న్యాయాధిపతికి స్వేచ్ఛ నిచ్చెను. 2024 జూలై 1న ఆ కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చెను. కథనమున ప్రశ్న లోపించి సమాధానము మాత్రమే మిగులును గనుక ఎవరి మాట ఎవరి నోట వచ్చినదో చెదరకుండ చూచుట అత్యవసరము.

కావున విద్యార్థికి పట్టికలకన్న ముందు నేర్పవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. మాట యెవరిది? ఎవరితో పలికినది? ఎప్పుడు, ఎక్కడ పలికినది? ఇప్పుడు దానిని చెప్పువాడు ఎవరు, ఎక్కడ నున్నాడు? తెలుగు వాక్యమును ముందుగా ఈ ప్రశ్నలతో విప్పి, ‘నేను’, ‘రేపు’, ‘ఇక్కడ’ అను పదములకు నిజమైన అర్థమును గుర్తించి, పిదప ఇంగ్లీషు వాక్యమును కూర్చినచో సూత్రములు తమంతట తామే సరిపడును. ‘అని’ అను పదము తెలుగువాని కిచ్చిన సౌలభ్యము గొప్పది. వేఱొక భాషలో దానికి సమానపదము వెదకుటకన్న, అది లేనిచోట ఆ భాష యేమి చేయుచున్నదో గ్రహించుట మేలు.